అప్‌డేట్: స్క్రాబుల్‌లో క్యూ టైల్ గోల

ఇంగ్లీషు అక్షరాల బిళ్లలతో (టైల్స్) మాటలు కట్టే స్క్రాబుల్‌లో మా బావగారు ప్రతి ఆటలోనూ నన్ను ఉతికి ఆరేస్తున్నారు, యు లేకుండా క్యూ వస్తే ఏం చెయ్యాలి అని అడిగాను కదండీ, మీలో ఎవరో చెప్పిన క్యూ-ఐ అనే రెండక్షరాల మాట ఆదివారం అమలాపురంలో వేశాను. మామూలుగా 11 పాయింట్లే (క్యూకి 10, ఐకి 1), కానీ క్యూని ట్రిపుల్ లెటర్ గడిలో (అక్షరం విలువ మూడింతలయ్యే గడి) పెట్టి అడ్డంగానూ నిలువుగానూ క్యూ-ఐ వచ్చేలా వేస్తే 31 రెండుసార్లు, అంటే ఏకంగా 62! బావగారు పూతరేకు నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయి డిక్షనరీ తీశారు, ఉంది మరి, ఏం చేస్తారు పాపం.

ఏడు టైల్సూ ఒకేసారి వేస్తే వచ్చే 50 బోనస్ మాత్రం ఇంకా అందలేదండీ. 100 టైల్స్‌లో ఎస్‌లు నాలుగే, ఖాళీవి (ఏ అక్షరంగానైనా వాడుకునేవి) రెండే, అవి చిన్న మాటలకి తగలెయ్యొద్దని మీరే అన్నారు, సరే దాచుకుంటున్నా. రిటైన్స్, నాస్టియర్ రెండూ అవే ఏడక్షరాలట, అలాంటివి అక్కకి చెప్పకుండా బట్టీ పడుతున్నా (చెప్తే ఆయనకి చేరిపోద్ది). వి అక్షరం ఒక్కటే శని, దాంతో రెండక్షరాల మాటే లేదు, వస్తే ఎలాగోలా వదిలించుకోవడమే.