మహిమతో ముగిసే టెలినొవెలా: కథకు బలమా, రచయితకు దొడ్డిదారా?

మల్లెపందిరి (హ్యూస్టన్):
నేనిక్కడ వృద్ధుల హోమ్‌లో పనిచేస్తాను. సాయంత్రం డ్యూటీ పడ్డరోజు ఒక మెక్సికో పెద్దావిడ గదిలో ‘లా రోసా దె గ్వాదలూపె’ నడుస్తూ ఉంటుంది. 2008 నుంచి తెలెవీసా సంస్థ తీస్తున్న సీరియల్. టెలినొవెలాలా, అంటే మామూలు లాటిన్ అమెరికా టీవీ సీరియళ్లలా, నెలల తరబడి ఒకే కథ సాగదు, ఏ రోజు కథ ఆ రోజుదే. తీరు మాత్రం మారదు. ఒకింట్లో కష్టం ముదురుతుంది. ఎవరో ఒకరు గ్వాదలూపె మాత (మెక్సికోవాళ్లు కొలిచే మరియమాత) పటం ముందు ఏడుస్తూ మొరపెట్టుకుంటారు. పటం దగ్గర తెల్లగులాబీ ప్రత్యక్షమవుతుంది. కష్టం తీరాక గులాబీ మాయమై, ఆ మనిషి మొహానికి చల్లగాలి తగులుతుంది. ఆ గాలి వచ్చే వేళకి పెద్దావిడ చేతిలో చెంచా ఆగిపోతుంది. సూప్ చల్లారిపోతున్నా పట్టించుకోదు.

నాతో పనిచేసే మెక్సికో అమ్మాయికి ఇదంటే ఒళ్లుమంట. దెబ్బలు తినే ఆడదానికి ఎవర్ని పిలవాలో చెప్పాలి గానీ గులాబీ చూపిస్తే ఏం లాభం అంటుంది. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. మీరేమంటారు?

కృష్ణాతీరం:
నేను ఆ అమ్మాయి వైపే. భక్తి మీద కోపంతో అనడం లేదు. మాది బెజవాడ. ఫిబ్రవరిలో గుణదల కొండకి కొబ్బరికాయలు కొట్టడానికీ, తలనీలాలు ఇవ్వడానికీ అన్ని మతాలవాళ్లూ వెళ్లడం చూస్తూ పెరిగాను. మా అమ్మా వెళ్లేది. నా పేచీ రచయితతో. చిక్కుముడి వేసింది తను, విప్పాల్సిందీ తనే. తాగొచ్చి కొట్టే మొగుడు ఏం చూసి, ఏం పోగొట్టుకుని మారాడో చూపించాలి కదా? గాలి వీచింది, మారిపోయాడు అంటే ఆ భార్య పడ్డ బాధకి విలువేముంది?

మామూలు టెలినొవెలాల్లో ఇదే పని విలన్ శిక్ష చేస్తుంది. చివరి వారంలో చెడ్డమనిషి మంటల్లో కాలిపోవాలి, లేదా మంచాన పడాలి, లేదా పిచ్చెక్కాలి. ఆ ఒక్క మనిషి పోతే ఇల్లు బాగుపడిపోతుంది. పనిమనిషికి జీతం ఎగ్గొట్టిన ఇల్లే అయినా సరే, ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు.

పాత రీలు:
కృష్ణాతీరం గారూ, మొరని మీరు ముగింపు దగ్గరే చూస్తున్నారు. కథ నడిచే దారిలో అది చేసే పని చూడండి. ఈ కథలన్నిటికీ పెద్దమ్మ లాంటిది క్యూబాలో 1948లో రేడియోలో వచ్చిన ‘ఎల్ దెరెచో దె నాసెర్’, అంటే పుట్టే హక్కు. రాసింది ఫెలిక్స్ బి. కైన్యెత్. పెళ్లి కాకుండా కూతురికి బిడ్డ పుడతాడు. పరువు కోసం ఆ పసివాణ్ణి చంపించాలని చూస్తాడు తాత డాన్ రఫాయెల్. ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆయా మామా దొలోరెస్ బిడ్డని ఎత్తుకుపోయి కడుపులో పెట్టుకుని పెంచుతుంది. కన్నతల్లి కాన్వెంటులో చేరి సన్యాసిని అవుతుంది. పెరిగి డాక్టరైన కుర్రాడు, తన తాతని తెలియకుండానే ఆయనకి రక్తమిచ్చి బతికిస్తాడు. నిజం తెలిసేసరికి తాతకి పక్షవాతంతో మాట పడిపోతుంది. ఆయన నోరు విప్పేదెప్పుడా అని జనం రేడియో ముందు రోజుల తరబడి కాచుకున్నారు.

ఇక్కడ మహిమ అన్న మాటే లేదు. కానీ పాపం, ప్రాయశ్చిత్తం, క్షమ, మోయాల్సిన సిలువ అన్నీ క్యాథలిక్ ఇళ్లలో నిత్యం వినిపించేవే. రచయిత కొత్తగా నేర్పక్కర్లేదు. రహస్యం దాచడానికి అక్కడ తాత మూగతనం ఎలా పనికొచ్చిందో, తర్వాతి కథల్లో పాపసంకీర్తనం, అంటే చేసిన పాపం ఫాదర్ చెవిలో చెప్పుకోవడం, అలా పనికొచ్చింది. బిడ్డ తండ్రెవరో ఫాదర్‌కి తెలుసు, పెదవి విప్పకూడదు. మనకీ తెలుసు, చెప్పలేం. పటం ముందు మొరా అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఆమె మాతకి చెప్పుకుంటుంది, మనం వింటాం. ఆ సీన్ తీసేసి చూడండి, ఆమె మనసులో మాట మనకి తెలిసే దారే ఉండదు.

ఇంకొకటి. పెరూలో 1969లో మొదలైన ‘సింప్లెమెంతె మరియా’లో పల్లె నుంచి లిమా వచ్చిన పనిమనిషి కుట్టుపని నేర్చుకుని, చదువుకుని పైకొస్తుంది. ఆమె పెళ్లిసీను నిజం చర్చిలో తీస్తే వేలమంది పెళ్లికొచ్చినట్టే కానుకలు పట్టుకుని వచ్చారు. మెక్సికోలో మిగెల్ సాబిదో ఆ సీరియల్ పనితీరుని గమనించి, 1977లో కుటుంబ నియంత్రణ మీద ‘అకొంపాన్యమె’ తీశాడు. క్యాథలిక్ దేశంలో ఆ విషయం చెప్పడానికి ఆయన ఎంచుకున్నది టెలినొవెలానే. మన దూరదర్శన్‌లో 1984లో వచ్చిన ‘హమ్ లోగ్’ ఆ పద్ధతి చూసి చేసిందే.

ఎర్రమందారం:
చర్చంతా మెక్సికో చుట్టూనే తిరుగుతోంది. బ్రెజిల్‌లో మహిమనే నిలదీసిన నొవెలా ఉంది. డియాస్ గోమెస్ రాసిన ‘రోకె సాంతేరో’. దేవుడి బొమ్మలు చెక్కే రోకె, బందిపోటు నుంచి ఊరిని కాపాడుతూ ప్రాణాలిచ్చాడని ఆసా బ్రాంకా ఊరంతా నమ్ముతుంది. అతని పేరు మీదే ఊళ్లో వ్యాపారం, పలుకుబడి నడుస్తుంటాయి. పదిహేడేళ్లకి ఆ మనిషి బతికే తిరిగొస్తాడు. ఊరి పెద్దలకి గుండెల్లో రాయి పడుతుంది. 1975లో మొదలవ్వాల్సిన రోజునే సైనిక ప్రభుత్వం ఆపేసింది. ఆ పాలన పోయాక 1985లో కొత్తగా తీస్తే దేశం దేశమే టీవీ ముందు కూర్చుంది. చివరికి రోకె ఊరు విడిచి వెళ్లిపోతాడు, కట్టుకథ మిగిలిపోతుంది. ఇంత ధైర్యమైన ముగింపు నేను ఏ సీరియల్లోనూ చూడలేదు.

దానికి పూర్తిగా ఎదుటి కొసన, 2015లో బ్రెజిల్‌లోనే రికార్డ్ అనే చానల్ ‘ఓస్ దెజ్ మందమెంతోస్’ వేసింది. మోషే కథ, పది ఆజ్ఞల కథ. ఎర్రసముద్రం చీలిన రోజు రేటింగుల్లో అక్కడి పెద్ద చానల్ గ్లోబోని దాటేసింది. ఆ చానల్ యజమాని ఎదిర్ మసెదో ఒక పెద్ద పెంతెకోస్తు సంఘాన్ని స్థాపించిన బిషప్. నాకు తెల్లగులాబీ కంటే ఇదే ఎక్కువ బెంగ. కథ చెప్పేవాడూ, కానుక పట్టేవాడూ ఒక్కరే అయినప్పుడు ఏ ప్రశ్న అడగనిస్తారు?

ఓరుగల్లు:
చిన్న మాట. గ్లోబో 2009లో మన దేశం మీద ‘కమిన్యో దస్ ఇందియస్’ తీసింది, ఇంటర్నేషనల్ ఎమ్మీ టీవీ అవార్డు కూడా వచ్చింది. పూజలు, చీరలు, ‘అరె బాబా’ అనే ఊతపదం. అక్కడ దళిత కుర్రాడు బహువాన్‌ని ప్రేమించిన మాయ, చివరికి పెద్దలు చేసిన పెళ్లిలో దొరికిన రాజ్‌తోనే స్థిరపడుతుంది. కులం గురించి మొదలైన కథ పెళ్లి మండపంలో ఒదిగిపోయింది. నాకు చాలా కష్టమనిపించింది. దేవుడి గదుల్ని అంత అందంగా చూపించినవాళ్లు ఆ పిల్లాడి అవమానాన్ని మధ్యలో ఎందుకు వదిలేశారు?

కృష్ణాతీరం:
పాత రీలు గారూ, మొర మనసు విప్పే దారి అన్నమాట ఒప్పుకుంటున్నాను, నేనలా ఆలోచించలేదు. అయినా గాలి దగ్గర నా మాట మారదు. మొర ఉండనివ్వండి. ఆ తర్వాత తలుపు తీసుకుని బయటికి నడవాల్సింది ఆ మనిషే. ఓరుగల్లు గారు చెప్పిందీ ఇదే జబ్బు. అక్కడ పెళ్లి, ఇక్కడ గాలి.

మల్లెపందిరి:
నిన్న డ్యూటీలో మీ మాటలన్నీ మనసులో పెట్టుకుని పెద్దావిడని అడిగాను, నాకొచ్చిన కాస్త స్పానిష్‌లో. గ్వాదలూపె మాత తెపెయాక్ కొండ మీద 1531 డిసెంబరులో హువాన్ దియెగోకి కనిపించిందనీ, చలికాలంలో పూసిన గులాబీలు అతని దుప్పటిలోంచి బిషప్ ముందు రాలితే ఆ బట్ట మీద మాత రూపు పడిందనీ ముందుగా ఆ కథంతా చెప్పింది. బిషప్ ఒక బీద ఆదివాసీ మాట నమ్మలేదు కాబట్టే పువ్వులు కావాల్సి వచ్చాయంది. మరి సీరియల్లో గాలి నిజమేనా అన్నాను. గాలి సంగతి తనకి అనవసరం అంది. ఆ పిల్ల పటంతో మాట్లాడే ముక్క కోసమే చూస్తానంది. పెళ్లయిన కొత్తలో తను వంటింట్లో, కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు చేస్తూ, అత్తగారికి వినబడకుండా మాతతో అలాగే చెప్పుకునేదట. ఇంకా ఏదో అడగబోయాను. ప్రకటనలు అయిపోయాయి, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకోమని చేత్తో సైగ చేసింది.