ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో ఫెజెంట్ పక్షుల వేట: పల్లెకు మేలా, దొరల సరదానా?

నార్ఫోక్_రైతుబిడ్డ:
పోయిన శనివారం పక్కింటాయన బీటర్‌గా, అంటే పొదల్లోంచి పక్షుల్ని లేపేవాడిగా, రమ్మంటే వెళ్లాను. ఎరువుల సంచి ముక్క కట్టిన కర్ర చేతికిచ్చారు, ఫొటో పెట్టాను చూడండి. మేం వరసగా పొదలు కొట్టుకుంటూ నడిస్తే ఫెజెంట్లు (పొడుగు తోక కోడిజాతి పక్షులు) టపటపమని లేస్తాయి, అవతల ఎనిమిది మంది తుపాకులతో కాలుస్తారు. సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా, ఆదివారాలు మాత్రం కుదరదు. వీటి కోసమే పొలం అంచున కంచె చెట్లు ఉంచారు, మొక్కజొన్న కోయకుండా వదిలేశారు. మేత డబ్బాల దగ్గర పిచ్చుకలు కూడా గింజలు ఏరుకుంటున్నాయి. పల్లెకు మంచిదే కదండీ?

వరంగల్_టు_లీడ్స్:
ఏం మంచి అన్నా? అవి పెంచిన కోళ్లు, పైగా ఆసియా జాతి. ఏటా కోట్లల్లో పెంచి వదిలేది కాల్చడానికే. మా యార్క్‌షైర్ వైపు శాటిలైట్ ట్యాగ్ కట్టిన హెన్ హారియర్ గద్దలు (గ్రౌస్ అనే కొండపక్షుల పిల్లల్ని తింటాయి) ఎక్కువగా గ్రౌస్ వేట కొండల్లోనే ఎందుకు మాయమవుతున్నాయో అడుగు.

పన్నుపోటు:
ఫ్రెండ్ ఇచ్చిన ఫెజెంట్ కూరలో తుపాకీ సీసం గుండు తగిలి నా దవడ పన్ను విరిగింది. ముందు దాని సంగతి తేల్చండి.

నార్ఫోక్_రైతుబిడ్డ:
గ్రౌస్ వేరు, ఫెజెంట్ వేరు. నేను కంచె చెట్ల గురించి మాట్లాడుతున్నా. వేట లేకపోతే వాటిని ఎప్పుడో పీకేసి దున్నేవారు.

వరంగల్_టు_లీడ్స్:
కంచెలకు సర్కారు కూడా డబ్బులిస్తుంది. తుపాకీ ఎందుకు?

పన్నుపోటు:
సీసం గుండు. ఎవరూ మాట్లాడరేం?

నార్ఫోక్_రైతుబిడ్డ:
సిటీలో కూర్చుని చెప్పడం తేలికండీ. రెండేళ్లుగా ఈ ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఆ రోజు ట్రాక్టర్ ట్రాలీలో అందరితో కూర్చుని సూప్ తాగాను. మర్నాడు పబ్‌లో ముగ్గురు పలకరించారు. అదీ మీకు తప్పేనా?

వరంగల్_టు_లీడ్స్:
దొర వేటకు పోతే మా తాత అడవిలో డప్పు కొట్టేవాడు. వెట్టి. ఒకసారి పంది పొడిస్తే మూడు నెలలు మంచంలో ఉన్నాడు, దొర గడప దిగి చూడలేదు. నువ్వు ఆ కర్ర ఫొటో పెట్టి నవ్వుతుంటే నాకు కడుపు మండింది. గద్దలూ గింజలూ తర్వాత.

గుంటూరు_కారం:
ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది బ్రో.

నార్ఫోక్_రైతుబిడ్డ:
నాకు 40 పౌండ్లు, జత పక్షులు ఇచ్చారు. ఇష్టం లేకపోతే మానేస్తాను. తాతగారికి ఆ వీలు లేదు, ఒప్పుకుంటాను. ఫొటో తీసేస్తున్నా. కంచె చెట్ల విషయంలో మాత్రం నా మాట నాదే.

వరంగల్_టు_లీడ్స్:
సరే, కంచెలు నీవే. ఆ ఎనిమిది మందిలో ఎవరైనా నీ పేరు అడిగారా?

పన్నుపోటు:
ఆ జత పక్షులు వండే ముందు టార్చి వేసి చూడండి.