సంక్రాంతి ఫ్యామిలీ ఫొటో: ఒకే తాను గుడ్డా, కలిసే రంగులా?

ముగ్గుపిండి:
తాతయ్య, నాయనమ్మ, దంపతులు, 8 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు. మొత్తం ఆరుగురు. కనుమ సాయంత్రం పెరట్లో ఫొటో. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టేది. అమ్మకు చీర, పాపకు లంగా, నాన్నకూ బాబుకూ కుర్తా ఒకే గుడ్డలో వచ్చే కాంబో సెట్ కొనాలా, రంగులు చూసుకుని విడివిడిగా తీసుకోవాలా? ‘మీ ఇష్టం’ అనకుండా కారణం చెప్పండి.

కత్తెర:
ఒకే తాను. షాపు లైటు కింద అచ్చం ఒకటే అనిపించిన రెండు చిలకపచ్చలు ఎండలోకి రాగానే ఒకటి పసుపుకీ ఒకటి నీలానికీ తిరుగుతాయి. గుడ్డ వేరు, అద్దకం వేరు, తేడా రాక మానదు. ఒకే తానులో కోస్తే ఆ గొడవే లేదు.

మంగళగిరి నూలు 44 అంగుళాల పన్నా (వెడల్పు) అనుకుంటే నాన్న ఫుల్‌హ్యాండ్ కుర్తాకి 2.5 మీటర్లు, బాబుకి 1.25, పాప లంగాకి 3, జాకెట్టుకి 0.75. చీర కాక 7.5 మీటర్లు. లంగాకి అంచు కిందికి రావాలి కాబట్టి గుడ్డని అడ్డంగా పెడతారు: ఘేరా (లంగా చుట్టుకొలత) మీటర్లలోంచి, పొడవు పన్నాలోంచి వస్తాయి. పాపకి నడుం నుంచి మడమ దాకా 30 అంగుళాలు చాలు. మిగిలింది కోసెయ్యనివ్వకండి, లోపల టక్కులు వేయించండి, ఇంకో రెండేళ్లు లాగుతుంది. కుట్టుకి ఇచ్చేముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయాలి. నూలు ముడుచుకునేదేదో కత్తెర పడకముందే ముడుచుకోవాలి.

షట్టర్:
కత్తెరగారూ, కుట్టు వరకు మీ మాట కాదనను. కానీ ఫొటోలో బాబు ఎక్కడుంటాడు? అమ్మ ఒళ్లో. ఒకే గుడ్డ, ఒకే ప్రింటు. అతని భుజం ఎక్కడ ఆగిందో, అమ్మ కొంగు ఎక్కడ మొదలైందో తెలియదు. చీరలోంచి తలకాయ మొలిచినట్టు ఉంటుంది. పక్కపక్కన కూర్చునేవాళ్ల మధ్య ముదురు, లేత తేడా ఉండాలి. అదే రంగు కావాలంటే అమ్మకి ముదురు వంకాయ, బాబుకి దాని లేత ఛాయ పెట్టండి.

ఇంకో సంగతి. కాంబోల్లో ఎక్కువగా కనపడేది సాటిన్ మీద డిజిటల్ ప్రింటు. ఫ్లాష్ పడితే మోకాళ్ల మీదా పొట్ట మీదా తెల్లటి మచ్చలు. సన్న గళ్లు, సన్న చారలు కూడా వద్దు. గుడ్డ గీతలూ కెమెరా సెన్సర్ గీతలూ ఒకదానిమీదొకటి పడి నీళ్లలో అలల్లాంటి చారలు పుడతాయి, ఎడిటింగులో సరిగా పోవు.

మగ్గం గుంత:
మీ ఇద్దరి మాట సగం సగం కరెక్టే. గుడ్డ ఒళ్లు, అంటే అంచు కాని భాగం, రంగు మార్చుర్రి, అంచు ఒక్కటే ఉంచుర్రి. మంగళగిరి నిజాం అంచు తీస్కోండి, చిన్న గోపురాల వరస లెక్క ఉంటది, చీరకైనా లంగాకైనా నప్పుతది, ఒళ్లు మాత్రం సాదా. ఆరుగురికి మూడు రంగులు చాలు. పోచంపల్లి మీద మనసైతే ఇంట్ల ఒక్కరికే ఇక్కత్, అంటే దారానికి ముందే రంగులద్ది నేసిన డిజైను. మిగతావాళ్లు ఆ చీరలనే ఉన్న రంగులు సాదా గుడ్డల తీస్కోవాలె. ఇద్దరు ఇక్కత్ కడితే చూపు ఎటు పోవాల్నో తెల్వది.

కత్తెర:
సాటిన్ మాట ఒప్పుకుంటున్నా, నేను చెప్పింది నూలు. కానీ ‘మూడు రంగులు’ అంటే పండగ ముందు రోజు ఎవరో ఒకరు నాలుగోది వేసుకొస్తారు. అప్పుడేం చేస్తారు?

షట్టర్:
వాళ్లని వెనక వరసలో, మధ్యలో నిలబెడతాం. ముందువాళ్లు ముప్పావు వంతు కప్పేస్తారు 🙂

అసలు చిక్కు తాతయ్య పంచెతో. నీలిమందు పెట్టిన తెల్ల పంచె నీడలో నీలంగా వస్తుంది. పక్కన మెరూన్ చీర ఉంటే పంచె మడతలు కనిపించేలా ఎక్స్‌పోజర్ పెట్టేసరికి చీర నల్లబడుతుంది, చీరని చూసుకుంటే పంచె సున్నం ముద్ద. కోరా రంగు (చలువ చేయని నూలు రంగు) పంచె అయితే రెండూ బతుకుతాయి. గంజి పల్చగా పెట్టండి. మరీ బిరుసైతే కూర్చున్నాక మోకాలి దగ్గర అట్టపెట్టెలా లేస్తుంది. పెరటి గోడకి పసుపు సున్నం ఉంటే ఆవపసుపు బట్టలు మానండి, మనుషులు గోడలో కలిసిపోతారు. ముదురు గులాబీ కట్టినవాళ్ల గడ్డం కింద ఆ రంగే పడుతుంది, ఎండలో మరీను. కనుమ నాడు 4:30కి మొదలుపెట్టి 5:20కల్లా ముగించండి, మామిడి చెట్టు కిందికి మాత్రం పోకండి, మొహాలు పచ్చబడతాయి.

ఏ దారైనా వారం ముందు ఒక పని చేయండి. ఆరుగురి బట్టలూ కూర్చునే వరసలోనే వరండాలో పరిచి ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. పక్కపక్కన రెండు ఒకే బూడిద రంగులో వస్తే వరస మార్చండి, లేదా బట్ట మార్చండి.

ముగ్గుపిండి:
అందరికీ థాంక్సండీ. ఒక మెలిక. నాయనమ్మ కొత్తవేవీ కట్టరు, ఆవిడ పాత గద్వాల్ చీరే. గంధం రంగు నూలు ఒళ్లు, మెరూన్ పట్టు అంచు.

మగ్గం గుంత:
గదే మొదలు పెట్టుర్రి. అమ్మకు మెరూన్ ఒళ్లు, గంధం అంచు. నాన్నకు, తాతకు గంధం. పాపకు ఆకుపచ్చ లంగా, మెరూన్ అంచుతోని. ముదురు ఆకుపచ్చ ఆమెకొక్కదానికే. బాబుకు లేత ఆకుపచ్చ పెడితే అమ్మ ఒళ్లె కూడ విడిగా కనపడతడు.

కత్తెర:
అలాగైతే పాప గుడ్డ కొనడానికి పోయేటప్పుడు నాయనమ్మ జాకెట్టు వెంట తీసుకెళ్లండి, అంచు రంగుదైతే. షాపు బయట ఎండలో పక్కన పెట్టి చూడండి.