సమస్య: "చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె"

నిర్వాహకుడు, నల్లగొండ

ఈ వారం సమస్యా పూరణం తేటగీతి పద్యంలో. సమస్య పైనే ఉంది, అదే చివరి పాదం. ముందు మూడు పాదాలు రాసి దాన్ని పూరించాలి. ఇది ఎలా పుట్టిందో చెబితేనే రుచి, కాబట్టి ముందు ఆ కథ.

పోయిన ఆదివారం రామగిరిలో ఒక మిత్రుని ఇంట్లో చేరాం. అటక మీది రేకు పెట్టెలో వాళ్ల నాన్నగారి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. లెక్కలు పది పేజీలే. మిగతా అంతా 1940ల నాటి పత్రికల్లోంచి కత్తిరించి మైదాపిండితో అంటించిన యుద్ధం బొమ్మలు. మధ్యమధ్య ఇంటివాళ్ల ఫొటోలు. కింద రాసిన పేర్లను చెదలు తినేశాయి. ఇంకేం, ఎవరు ఎవరో పోల్చుకునే పందెం మొదలైంది.

టోపీకి రెండు బిళ్లలు ఉంటే మాంట్‌గోమరీ, టోపీ మీద దుమ్ము కళ్లద్దాలు ఉంటే రోమెల్, పక్కవాళ్లంతా భుజం దాకానే వస్తే డిగాల్. ఇంతవరకు తేలికే. 1945 సెప్టెంబరు 27న అమెరికా సేనాపతి మెకార్థర్ పక్కన జపాన్ చక్రవర్తి హిరోహితో నిలబడ్డ ఫొటో వచ్చేసరికి మిర్యాలగూడ మాస్టారు, "నిలువునా సూటు తొడిగింది పెళ్లికొడుకు, కాలరు గుండీ విప్పి నడుముకు చేతులు ఆనించింది పిల్ల మేనమామ" అని తేల్చారు. సూర్యాపేట వకీలు గారు విమానాల బొమ్మ కనబడితే చాలు, బ్రిటన్ యుద్ధంలో ఎగిరిన 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుందని మూడుసార్లు చెప్పారు. మూడోసారి టీ చల్లారింది.

అప్పుడు వచ్చింది ఆ ఫొటో. బట్టతల, గుండ్రటి ముఖం, ముందుకు వచ్చిన పొట్ట, ముక్కు దగ్గరికి ఎత్తిన రెండు వేళ్లు. చర్చిల్ అన్నాం అందరం. "చుట్ట ఏదీ?" అన్నారు డాక్టరు గారు. "వేళ్లు చూడండి, విజయచిహ్నం చూపిస్తున్నాడు" అన్నారు మాస్టారు. పావుగంట వాదం. ఇంతలో మిత్రుని తల్లిగారు పకోడీల పళ్లెంతో వచ్చి, వంగి చూసి, "అయ్యో, మా మేనమామ కదా! చుట్ట ముట్టని మనిషి" అన్నారు.

ముందుగా నా పూరణ:

బట్టతలయు ఫోటోలోని బాన పొట్ట
చూచి చర్చిలే యని మేము జోరు మీఱ
అవ్వ నవ్వి మా మామయే యనుచుఁ దెలుప
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

సూర్యాపేట వకీలు

నిర్వాహకుల పద్యమని వదిలిపెట్టేది లేదు. "మీఱ" ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న మాట. తరువాతి పాదం అచ్చుతో మొదలైంది. "మీఱ నవ్వ" అని కలపాలి. విడదీస్తే విసంధి దోషం.

నిర్వాహకుడు

కలిపితే "నవ్వ నవ్వి" అవుతుంది. అవ్వ పోయి నవ్వే మిగులుతుంది. ఎనభై దాటిన పెద్దావిడను పాదం చివర పోగొట్టుకోలేను. దోషం నాదే, అలాగే ఉండనివ్వండి.

వనపర్తి సోదరి

నిజంగానే చుట్ట లేని చర్చిల్ ఫొటో ఒకటి ఉండగా మనకు వేరే కథ దేనికి? 1941 డిసెంబరు 30, ఒట్టావా. కెనడా పార్లమెంటులో ప్రసంగం ముగించి వచ్చిన పెద్దమనిషి ఫొటోకు నిలబడి కూడా చుట్ట తీయలేదు. యూసుఫ్ కార్ష్ అనే ఫొటోగ్రాఫరు దగ్గరికి వెళ్లి నోట్లోంచి లాగేశాడు. ఆ మరుక్షణం పడ్డ ముఖమే ప్రపంచమంతా చూసిన సింహం ముఖం. నాకు మాత్రం సింహం కనబడలేదు.

పెదవి చుట్టను కార్షు తాఁ బెరికినంత
మూతి ముడిచిన యా వింత మోము జూడ
పెండ్లి పందిట నలిగిన పెద్ద బావె!
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

దేవరకొండ డాక్టరు

అమ్మా, మూడో పాదానికి దండం. మా ఇంట్లో అచ్చంగా ఇలాంటి బావగారు ఉన్నారు. స్కూటరు ఇవ్వలేదని అలిగి నిలబడిన ఫొటో ఇప్పటికీ గోడ మీద ఉంది. ఆయనను చూసి ఎవరూ సింహం అనలేదు, కార్ష్ లేకపోవడం ఒక్కటే లోటు.

సూర్యాపేట వకీలు

ఛందస్సులో వేలు పెట్టే చోటు దొరకలేదు, ఒప్పుకుంటున్నాను. "మూతి ముడిచిన" వెంటనే "మోము" రావడం కొంచెం బరువు, కానీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదర్చాల్సిన జత అక్షరం) కోసం వచ్చినట్టు తెలియడం లేదు, అదే గొప్ప.

అన్నట్టు ఆ ఫొటో తరువాత అలిగి ఇల్లు విడిచింది కూడా. ఒట్టావాలో కార్ష్ ఏళ్ల తరబడి బస చేసిన హోటల్లో ఆయన సంతకంతో ఉన్న ప్రతిని ఎవరో ఎత్తుకుపోయి, దాని చోట నకలు తగిలించారు. నెలల పాటు ఎవరూ గమనించలేదు. 2022 ఆగస్టులో బయటపడింది, 2024లో ఇటలీలో దొరికింది. చర్చిల్ పక్కనుంచి రోజూ నడిచి వెళ్లేవాళ్లే నకలును పోల్చలేకపోయారు. మనం రామగిరిలో పొరబడ్డామంటే సిగ్గుపడే పని లేదు.

మిర్యాలగూడ మాస్టారు

మీరంతా కెనడా దాకా వెళ్లారు. చర్చిల్ మన గుమ్మంలోకే వచ్చాడన్నది మరిచారు. 1896లో నాలుగో హుస్సార్స్ అనే గుర్రపు దళంతో బెంగళూరులో దిగాడు. ఆ ఏడాదే పోలో ఆటకు ఇక్కడికి వచ్చి గోల్కొండ కప్పు గెలుచుకుని పోయారు. అచ్చంగా చుట్టపుచూపు!

గోలుకొండ కప్పును గెల్వ గుఱ్ఱమెక్కి
భాగ్యనగరికి నేతెంచెఁ బడుచు దొరయె;
తెల్లబోయిన బొమ్మలోఁ దేరి చూడ
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

దేవరకొండ డాక్టరు

పద్యం నడక గుర్రం నడకలాగే ఉంది. "తెల్లబోయిన బొమ్మ" అనడంలో వెలిసిపోయిందనీ, బిత్తరపోయిందనీ రెండూ పలికాయి. కానీ మాస్టారూ, చరిత్ర ఒప్పుకోదు. 1895 నవంబరులోనే ఆయన క్యూబా వెళ్లాడు. ఇరవై ఒకటో పుట్టినరోజు అక్కడే, తుపాకీ గుండ్ల చప్పుడులో. చుట్టల రుచి మరిగింది కూడా అక్కడే. భాగ్యనగరికి వచ్చేసరికి అలవాటుకు ఏడాది నిండింది.

మిర్యాలగూడ మాస్టారు

డాక్టరు గారూ, బొంబాయి రేవులో పడవ దిగుతూ ఇనుప కడియం పట్టుకోబోయి కుడి భుజం కీలు తప్పించుకున్నాడా లేదా? ఆ తరువాత పోలో ఆడినప్పుడల్లా ఆ చెయ్యి పక్కకు కట్టుకునే ఆడేవాడు. ఒక చెయ్యి పట్టీలో, ఒక చెయ్యి కళ్లెం మీద. చుట్ట వెలిగించేది ఎవరు, గుర్రమా? నేను "కాల్చని" అన్నాను గానీ "కాల్చడం రాని" అనలేదు.

సూర్యాపేట వకీలు

అభ్యంతరం కొట్టివేయడమైనది.

పాలమూరు చిన్నవాడు

అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పూరణ, తప్పులుంటే మన్నించి సరిచేయగలరు. 1945 ఫిబ్రవరిలో స్టాలిన్, రూజువెల్టు, చర్చిల్ కలిసిన యాల్టా సమావేశం ఫొటో గురించి.

పీట వేసిరి యాల్టలో ముగ్గురకును;
పైపు స్టాలిను, సిగరెట్టు ఫ్రాంకులిన్ను;
పొగను మునిగి మసకబారె పూర్తి బొమ్మ;
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

నిర్వాహకుడు

తమ్ముడూ, రా. రెండో పాదం చదివి నేను లేచి నిలబడ్డాను. పై-ఫ్రా యతి, రూజువెల్టును ఫ్రాంకులిన్నుగా తెనిగించిన చొరవ, మొదటిసారి రాసేవాళ్ల చేతి నుంచి రావు.

మొదటి పాదంలో యతి తప్పింది. "పీ"కి "ము" చెల్లదు. "పు" ఉండి ఉంటే "ము"తో గట్టెక్కేవాడివి. "ముగ్గురకును" తీసి "బెద్దలకును" అను, చాలు.

అసలు ఇబ్బంది మూడో పాదంలో ఉంది. గణాలు సరే, యతి సరే. కానీ బొమ్మ మసకబారితే చర్చిల్ చుట్టం ఎందుకయ్యాడు, ఎవరికయ్యాడు? అన్వయం తెగిపోయింది. సమస్య పాదాన్ని గోడకు మేకు కొట్టినట్టు తగిలించకూడదు, దూలంలా పై మూడు పాదాలూ దాన్ని మోయాలి. పొగ గిట్టని మనిషిని ఒకణ్ని మధ్యలో నిలబెట్టి చూడు:

పీట వేసిరి యాల్టలోఁ బెద్దలకును;
పైపు స్టాలిను, సిగరెట్టు ఫ్రాంకులిన్ను;
పొగను సైపని నాకందుఁ బొత్తు గుదిర
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

ఇద్దరు కాలుస్తున్నారు, ఒకడు ఆ క్షణాన కాల్చడం లేదు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినట్టు, పొగ పడనివాడికి వాడే చుట్టం.

పాలమూరు చిన్నవాడు

ధన్యవాదాలు గురువు గారూ. నాకు నిజంగానే పొగ పడదు. మీకెలా తెలిసింది?

సూర్యాపేట వకీలు

పీట వేసిన ఆ ముగ్గురిలో ఒకరు రెండు నెలలకే, ఏప్రిల్ 12న పోయారు. ఇంకొకరు ఆ వేసవిలోనే ఎన్నికల్లో ఓడిపోయారు. ఫొటోలో ఆ సంగతి తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఇక నవ్వులు కాసేపు ఆపి నా పద్యం చదవండి.

వంగ జనులటు క్షామాన వాడి చావ
గింజ నీయని దొరయట! కినుక హెచ్చు;
మాకుఁ గాఁ డయ్య! యెవరికో మఱి యెఱుఁగను
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

వనపర్తి సోదరి

వకీలు గారూ, చదివి ఊరుకోలేకపోయాను. 1943 ఆగస్టు 22న కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక బెంగాల్ కరువు వీధుల ఫొటోలు వేసేదాకా లోకానికి ఆ కరువు ముఖం తెలియలేదు. ఆ కరువును కెమెరాతో పట్టిన సునీల్ జానా తరువాత మన తెలంగాణ సాయుధ పోరాటాన్నీ ఫొటోలు తీశాడు. మన లెక్కల పుస్తకంలో సేనాపతులున్నారు గానీ ఆ పేజీ లేదు. పెద్దాయన కత్తిరించలేదో, కత్తిరించడానికి దొరకలేదో.

విమర్శ ఒకటే. "ఎవరికో మఱి యెఱుఁగను" అని సమస్యను చక్కగా తోసిపుచ్చారు, పాత అవధానుల ఎత్తుగడే. కానీ "చుట్ట కాల్చని" అన్న మాటకు మీ పద్యంలో పని లేదు. ఆ విశేషణం ఉద్యోగం లేక కూర్చుంది.

సూర్యాపేట వకీలు

నిజమే. సవరించలేదు, సవరించను. కోపంలో రాసిన పద్యంలో ఒక మాట ఖాళీగా ఉంటే ఉండనివ్వండి.

దేవరకొండ డాక్టరు

చుట్టరికం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ యుద్ధంలో మనకు అసలు చుట్టం ఆబిద్ హసన్. హైదరాబాదు మనిషి. 1943లో నేతాజీతో పాటు జర్మన్ జలాంతర్గామిలో బయలుదేరి, ఏప్రిల్ చివర హిందూ మహాసముద్రం మధ్యలో రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామికి మారాడు. "జై హింద్" అన్న పలకరింపు ఆయన ఇచ్చిందే అంటారు. పుస్తకంలో నేతాజీ బొమ్మలు నాలుగున్నాయి. వచ్చే ఆదివారం భూతద్దం నేను తెస్తాను. పక్కన ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూద్దాం.

అచ్చంపేట అన్న

ఆలస్యంగా వచ్చాను, పత్తి ఏరే రోజులు. మీరందరూ చుట్ట అంటే పొగచుట్టే అనుకున్నారు. పాత ఫిలిం కూడా చుట్టే కదా.

భోగిమంటలో వేయక బొమ్మలున్న
పాత ఫిలుములఁ గాచెను బామ్మ యొకతె;
నీడ పట్టున దాచిన నెగటివైన
చుట్ట కాల్చని చర్చిలు చుట్టమయ్యె!

మిర్యాలగూడ మాస్టారు

హరి హరీ! ఒక్క అక్షరం విరవకుండా, ఒక్క సంధి మార్చకుండా సమస్యను తలకిందులు చేశారు. మూడో పాదం చివర "నెగటివైన" దగ్గర ఆగి ఊపిరి పీల్చి "చుట్ట" అన్నామో లేదో, పొగాకు పోయి ఫిలిం వచ్చి కూర్చుంది. కాల్చనిది ఆయన కాదు, మనం. అందుకే మన ఇంటివాడయ్యాడు. నా గోల్కొండ కప్పు మీరే తీసుకోండి.

సూర్యాపేట వకీలు

"గాచెను" ముందు అరసున్న కూడా మరిచిపోలేదు. పత్తి చేలో ఇంత తీరిక ఎక్కడిది?

నిర్వాహకుడు

నా ఓటూ అచ్చంపేటకే. వనపర్తి బావ గారు వెంట్రుకవాసిలో రెండో స్థానం.

ముగిద్దామనుకుంటూ ఉండగా రామగిరి మిత్రుడు ఫోను చేశాడు. పద్యాలన్నీ వాళ్ల అమ్మగారికి చదివి వినిపించాడట. విని, బాగా నవ్వి, ఒక దిద్దుబాటు పంపారు: "మామ చుట్ట ముట్టలేదన్నది నిజం. ముక్కుపొడి మాత్రం డబ్బాలకు డబ్బాలు. ఆ రెండు వేళ్లు చూపించేది విజయం కాదని మాస్టారుకు చెప్పు."

ఫొటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశాను. ఎడమ చేతి గుప్పిట్లో గుండ్రటి డబ్బా ఉంది, మూత తీసి.