తిరుపతి నుంచి ఒక్క రోజులో: నేలపట్టా, తలకోనా?

ప్రశ్న: జనవరిలో చుట్టాలొస్తున్నారు, ఇద్దరు చిన్నపిల్లలున్నారు. పొద్దున పోయి రాత్రికి తిరుపతి చేరాలి. నేలపట్టు పక్షుల కేంద్రం, తలకోన జలపాతం రెండూ కుదురుతాయా?

జవాబు 1: కుదరవు, చెరో దిక్కు. జనవరైతే నేలపట్టే. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా హైవే పట్టి దొరవారిసత్రం దగ్గర దిగండి. చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లుంటాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. అది చూడాలంటే 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. అద్దాల) బైనాక్యులర్స్ ఉండాలి, ఫోన్ జూమ్‌తో కాదు. పిల్లల్ని అరవనివ్వొద్దు. పక్షి గూడొదిలి లేచిందంటే కాకులు గుడ్ల మీద పడతాయి.

జవాబు 2: నేలపట్టు చూశాక సాయంత్రానికి సూళ్లూరుపేట వెళ్లి శ్రీహరికోట రోడ్డెక్కండి. రోడ్డు తూర్పుకు పోతుంది కాబట్టి ఎండ వీపు వైపు, ఫ్లెమింగోల రంగులు బాగా తెలుస్తాయి. అవి పులికాట్ సరస్సులో ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడగట్టుకుని తింటాయి. అందుకే వాటికి లోతు తక్కువ నీళ్లు కావాలి. వానలెక్కువై సరస్సు నిండిన ఏడు రోడ్డు పక్కన తక్కువ, నీళ్లు తీసేదాకా ఆగాల్సిందే.

జవాబు 3: తలకోన అక్టోబర్, డిసెంబర్ మధ్య పెట్టుకోండన్నా. భాకరాపేట, నెరబైలు దారి. 270 అడుగుల జలపాతం, ఎండాకాలంలో సన్నటి ధార. నాచు పట్టిన బండల మీద చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే వేయండి. కోతుల ముందు తిండి సంచి విప్పారో, ఇంక అది మీది కాదు.

ప్రశ్న అడిగినవారు: సరే, నేలపట్టే ఖాయం.