పులిజూదంలో మేకలకు రెండో గెలుపు పెడదామా?

అలిపిరి మెట్లు:
తిరుపతిలో ఒకరోజు పులిజూదం పోటీకి నియమాలు రాస్తా ఉండాం. మూడు పులులు, పదిహేను మేకలు. పటంలో చోట్లు 23: శిఖరం ఒకటి, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగు వరసలో నాలుగు. మేక మీదుగా అవతలి ఖాళీ చోటికి దూకితే పులి దాన్ని తిన్నట్టు; అట్లా ఆరు మేకల్ని తింటే పులి గెలుపు, మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తే మేకల గెలుపు. ఇంతవరకూ పాతదే. ఒక్కో ఆటకు అర్ధగంటే ఇవ్వగలం, తేలకుండా మిగిలేవే ఎక్కువ. అందుకే ఇంకో దారి అనుకుంటా ఉండా: మేకలన్నీ దిగినాక పులి వరసగా 40 ఎత్తులేసినా ఒక్క మేకనూ తినలేకపోతే మేకలదే గెలుపు. ఏమంటారు?

తోతాపురి:
వద్దు సామీ, ఆట చచ్చిపోతాది. పటం గీసి చూడండి. రెండో అడ్డగీత మీద ఆరు, మూడోదాని మీద ఆరు, అడుగు వరసలో మూడు మేకల్ని పెట్టండి. పదిహేనూ సరిపోయినాయి, అడుగున ఒక చోటు ఖాళీ. పులులు మూడూ పైనుంటే రెండో గీత మీది మేకను దాటి దిగాల్సింది మూడో గీత మీద. అది నిండిపోయుంది, ఇంక దూకేదెక్కడ? మేకలాయన అడుగు వరసలో ఒక మేకను ఆ ఖాళీలోకి, మళ్ళీ వెనక్కి జరుపుకుంటా 40 లెక్కపెడితే చాలు. పులిని కట్టే పనే లేకుండా గెలుపు! పైన ఏడు చోట్లలో పులులు తిరుగుతానే ఉంటాయి.

నగరి మగ్గం:
మీరు చెప్పిందే ఆ నియమానికి బలం. పులులు మూడింటినీ పైన కూర్చోబెట్టేది ఎవరు? ఆ గోడ కట్టేలోపే ఒక పులి కిందికి దిగాల్సి వస్తాది. దిగిన పులి ఏమవుతుంది? మూడో అడ్డగీత చివరో అడుగు వరస మూలో చేరితే నాలుగు మేకలు చాలు కట్టేయడానికి: పక్కన రెండు, వాటి వెనక రెండు. అదే శిఖరం మీది పులికి ఎనిమిది కావాలి. అంటే రెండో దారికి భయపడి పులి మొదటి దారిలో దొరికిపోతాది.

సెవెన్ వండర్స్ డ్యుయల్ అని ఇద్దరాడే కార్డుల ఆట ఉంది, అది ఆడినవాళ్ళకు ఇది తెలుసు. మూడో యుగం అయినాక పాయింట్లతో గెలవొచ్చు. అంతకుముందే యుద్ధ గుర్తును తొమ్మిది మెట్లు తోసి ఎదుటివాడి రాజధాని చేర్చినా, ఆరు వేరువేరు శాస్త్ర గుర్తులు కూడబెట్టినా ఆట అక్కడికే సరి. యుద్ధంతో ముగిసే ఆటలు తక్కువే. అయినా గుర్తు ఏడో మెట్టుకొస్తే ఎదుటివాడు గుర్తును వెనక్కి తోసే ఎర్రకార్డు, తనకు అక్కర్లేకపోయినా, కొనక తప్పదు. రెండో దారి ఉండేది ఎదుటివాడి చెయ్యి మళ్ళించడానికి.

తోతాపురి:
డ్యుయల్‌లో ఎర్రకార్డు కొంటే గుర్తు వెనక్కి పోతుంది. సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆట మొదటిదాంట్లోనూ ఎదుటివాడు అంతరిక్ష నౌక పంపినా, చేరేలోపు వాడి రాజధాని పట్టుకుంటే నౌక పోతుంది. అడ్డుకునే వీలుండే దారి వేరు, గడియారం వేరు. మీ 40 గడియారమే. గోడ పూర్తయినాక పులి చేతిలో ఏముంది?

నేపాల్ బాఘ్‌చాల్ చూడండి: 25 చోట్లు, నాలుగు పులులు, ఇరవై మేకలు, పులికి ఐదు మేకలు చాలు. ఇద్దరూ తప్పు చేయకపోతే అది డ్రా అని కంప్యూటర్ లెక్కలతో తేల్చినారు. అయినా అక్కడ కొత్త గెలుపు కలపలేదు, మేకలన్నీ దిగినాక ముందొచ్చిన అమరిక మళ్ళీ తెచ్చే ఎత్తు ఎవరూ వేయకూడదని కొందరు నియమం పెట్టుకున్నారు. మనకూ అదే చాలు. లేదంటే వైపులు మార్చి రెండాటలు ఆడించి, ఎవరి పులులు ఎక్కువ తింటే వాళ్ళదే.

కపిలతీర్థం:
ముందొచ్చిన అమరికలన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారబ్బా? చదరంగంలో మాదిరి ఎత్తులు రాసుకునే అలవాటు పులిజూదానికి లేదు. నగరి అన్న మాట సరే, 40 మాత్రం కుదరదు. ఎత్తుకు పది సెకన్లనుకున్నా పులివి 40, మేకవి 40 కలిపి పదమూడు నిమిషాలు దాటతాది. మేకలు దించడానికి ఇంకో ఐదు. మధ్యలో రెండు మేకలు పోతే అర్ధగంట చాలదు. 20 పెట్టండి. పటం పక్కన 20 చింతపిక్కలు పోసి, పులి తినని ఎత్తుకొకటి తీసేయండి. తింటే అన్నీ తిరిగి పోసేయాలి. లెక్క ఇద్దరికీ కనిపిస్తాది, తగువుండదు.

ఇంకోటి. ఆరు మేకలు పోతే పులి గెలుపనేది మనం పెట్టుకున్న హద్దే, ఇంక పులుల్ని కట్టలేమని కాదు. మిగిలిన తొమ్మిదితో మూడు పులుల్నీ కట్టొచ్చు: ఎడమ అంచులో పైనొకటి, కిందొకటి ఉంటే మధ్యలో ఒక్క మేక, ఆ రెండు పులులుండే అడ్డగీతల మీదా రెండేసి, మొత్తం ఐదే. ఆ మధ్య మేకను దూకాలంటే అవతల ఉండేది ఇంకో పులి! మూడోది కుడి పై మూలలో చిక్కితే నాలుగు. పులాయన అన్ని మూలల్లోకీ నడిచిపోవాలనుకోండి, అది వేరే మాట. అందుకే పులి గెలుపుకు ఆరే ఉంచండి.

అలిపిరి మెట్లు:
20 పిక్కలు బాగుంది అక్కా, అట్లే రాస్తా. వైపులు మార్చి రెండాటలు ఆఖరి రౌండుకే. అన్నిటికీ పెడితే పొద్దుపోతుంది.

తోతాపురి:
గోడ కట్టేసి కూర్చుంటే ఇరవైకీ అదే గతి, నా మాట మారలేదు. సరే, 20వ పిక్క తీసే ఎత్తులోనే పులి మేకను తింటే?

కపిలతీర్థం:
తిన్న ఎత్తుకు పిక్క తీయరు గదా. అన్నీ తిరిగి పోసి ఆడండి.