ఒకటో తరగతి ఫోనులో చదివిన పిల్లలు ఇప్పుడు ఎలా చదువుతున్నారు?

వనస్థలిపురం అమ్మ:
మా అబ్బాయి ఈ జూన్‌లో ఆరో తరగతిలో చేరాడు. వాడి ఒకటో తరగతి కరోనాతో బడులు మూసిన 2020లో పడింది. పలక పట్టించి బడికి పంపవలసిన ఏడాది, భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బాకు ఫోను ఆనించి దాని ముందు కూర్చోబెట్టాము. ఇప్పటికీ సంయుక్తాక్షరం కనబడితే వాడు ఆగిపోతాడు. ‘చంద్రుడు’ను ‘చందుడు’ అంటాడు. ‘ఆశ్చర్యం’ వస్తే మొదటి అక్షరం చూసి, తక్కినది ఊహించి ‘ఆచారం’ అని ముందుకు సాగిపోతాడు. నోటితో చెప్పిన లెక్కను చిటికెలో చేసేవాడు, అదే లెక్కను పుస్తకంలో చదివి చేయమంటే పెన్సిలు చెక్కుకోవడానికి లేచి వెళ్తాడు. ఆ ఏడాది పిల్లలు మీ ఇళ్ళలో ఎలా చదువుతున్నారు? ఇంటి దగ్గర ఏ పద్ధతి పనిచేసింది? ఉపాధ్యాయులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఆ ఏడాది ఫీజు మొత్తం వసూలు చేసుకున్న బడివారే ఇప్పుడు ‘మీరు ఇంట్లో పట్టించుకోలేదు’ అంటున్నారు కనుక వారిని అడిగి ప్రయోజనం లేదు.

మాజీ ప్రైవేటు టీచరు:
అమ్మా, మీ ప్రశ్నకు సమాధానం చెబుదామనే మొదలుపెట్టాను గాని, ‘ఫీజు మొత్తం వసూలు చేసుకున్న బడివారే’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ బడివారిలో మేము కూడా ఉన్నాము. 2020 మార్చి నెలకు నాకు సగం జీతం వచ్చింది, ఏప్రిల్ నుంచి జూలై దాకా అసలు రాలేదు. ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాక మళ్ళీ సగం జీతానికి, బీరువా తలుపు మీద తెల్ల కాగితాలు అంటించి, సొంత డేటాతో, రోజుకు ఐదు పీరియడ్లు చెప్పాను. పిల్లవాడి వెనుక కూర్చున్న పెద్దవారు నా ఉచ్చారణను సరిదిద్దుతుంటే నవ్వుతూ భరించాను. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించినప్పుడు, బడుల వివరాలు నమోదుచేసే యూడైస్ జాబితాలో నా పేరే లేదని తెలిసింది. తొమ్మిదేళ్ళు పనిచేసిన బడి నన్ను కాగితం మీద ఎక్కించనే లేదు. అప్పటి నుంచి కుట్టుమిషను మీదే ఇల్లు గడుస్తోంది.

గుంటూరు తండ్రి:
మీ బాధను కాదనడం లేదు. మీకు సగం జీతం ఇచ్చి మా దగ్గర పూర్తి ఫీజు తీసుకున్నప్పుడు మిగిలిన సొమ్ము ఎక్కడికి పోయిందన్నదే మా ప్రశ్న. మా రాష్ట్రంలో 2020 అక్టోబరు చివర ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. మా అమ్మాయి చదివిన బడి ఆ 70 శాతాన్ని మహా నిజాయతీగా తీసుకుని, దాని పక్కన ‘డిజిటల్ నిర్వహణ’ అని కొత్త పద్దు రాసి తక్కిన 30 శాతాన్ని రాబట్టుకుంది. బస్సు షెడ్డులో ఉన్న ఏడాదికి బస్సు రుసుములో సగం కూడా అడిగారు.

నాచారం నివాసి:
తెలంగాణలో ఉత్తర్వు ఇంకా ముందే వచ్చింది. 2020 ఏప్రిల్ 21 నాటి 46వ నంబరు జీవో ఆ విద్యాసంవత్సరానికి ఫీజు పెంచరాదని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అది కూడా నెలవారీగా తీసుకోవాలని చెప్పింది. ఆ కాగితాన్ని ముద్రించుకుని మా బడికి వెళ్ళాను. గ్రంథాలయం, ప్రయోగశాల, క్రీడలు, వార్షికోత్సవం, అన్నింటినీ కలిపి మొత్తానికి ట్యూషన్ ఫీజు అని పేరు పెట్టి నా చేతికి మరో కాగితం ఇచ్చారు. జీవోను అక్షరాలా పాటించామని పైగా చెప్పారు.

చిన్న బడి కరస్పాండెంట్:
ఇక్కడ అందరూ పెద్ద పెద్ద బడులను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. మాది అద్దె భవనంలో నడిచిన బడి, 210 మంది పిల్లలు. 2020–21లో వారిలో పూర్తిగా ఫీజు కట్టినవారు 58 మంది. భవనం యజమాని అద్దె తగ్గించలేదు, బస్సు మీద తీసుకున్న అప్పుకు వాయిదా ఆగలేదు. వాయిదాలు కొన్ని నెలలు ఆపుకోవచ్చని మారటోరియం ఇచ్చారు కదా అని ఎవరో అంటారు, ఆ నెలలకు కూడా వడ్డీ లెక్కపెట్టారని ఈ పాటికి అందరికీ తెలిసే ఉంటుంది. నెలవారీగా తీసుకోమని జీవో చెప్పింది నిజమే, నెలనెలా ఇమ్మని తల్లిదండ్రులకు ఎవరు చెప్పారు? రెండేళ్ళ బాకీ ఎగవేసి, టీసీ కూడా అడగకుండా పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్పించారు. 2022లో బస్సును అమ్మి, బల్లలను ఫంక్షన్ హాలు వారికి ఇచ్చి, బడికి తాళం వేశాను.

నాచారం నివాసి:
టీసీ లేదని ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లోనే ఉంది. పిల్లవాడి టీసీని బాకీకి తాకట్టుగా ఉంచుకోవడం ఏ చట్టంలో ఉందో మీరు చెప్పండి.

చిన్న బడి కరస్పాండెంట్:
పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టడం ఏ చట్టంలో ఉందో ముందు మీరు చెప్పండి. నేను ఎవరి టీసీనీ పట్టి ఉంచలేదు. మీరు మీ బడి మీద ఉన్న కోపాన్ని నా మీద తీర్చుకుంటున్నారు.

మాజీ ప్రైవేటు టీచరు:
కరస్పాండెంట్ గారూ, ఆ 58 మంది కట్టిన డబ్బులో మీ ఉపాధ్యాయులకు ఎంత ఇచ్చారో కూడా రాస్తే లెక్క పూర్తవుతుంది.

చిన్న బడి కరస్పాండెంట్:
ఐదు నెలలు సగం జీతం ఇచ్చాను. తరువాత ఇవ్వలేకపోయాను. దాచడానికి ఏమీ లేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ప్రశ్న అడిగిన తల్లిగారిని గాలికి వదిలి మీరందరూ పద్దులు తిరగేస్తున్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు తెలుగు బోధించి, పదవీ విరమణ తరువాత కూడా 2022 ఆగస్టులో తెలంగాణలో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచే ‘తొలిమెట్టు’ మొదలైనప్పుడు మా మండలంలో ఉపాధ్యాయులకు సలహాలు ఇచ్చినవాడిని కనుక అధికారంతో చెబుతున్నాను. తప్పు కరోనాది కాదు, పద్ధతిది. అ, ఆ, ఇ, ఈ అని వరుసగా దిద్దించి, గుణింతం వల్లె వేయించి, ఆ తరువాత వత్తులు నేర్పే పూర్వ పద్ధతిని వదిలి, బొమ్మ చూపించి నేరుగా పదం చదివించడం మొదలుపెట్టిన రోజే ఈ ముప్పు వచ్చింది. పిల్లవాడు ‘ఆశ్చర్యం’ను ఊహించి చదువుతున్నాడంటే అర్థం అదే. పైగా తల్లిగారు దానిని సంయుక్తాక్షరం అన్నారు. ‘ఆశ్చర్యం’లో ఉన్నది సంశ్లేషాక్షరం. పెద్దలకే ఈ తేడా తెలియనప్పుడు పిల్లలను అని ఏమి లాభం?

మెదక్ బడిపంతులు:
గురువుగారికి నమస్కారం. ‘ఆశ్చర్యం’లో ‘శ్చ’ ఒక సంయుక్తం, ‘ర్య’ మరొక సంయుక్తం. ఒకే అక్షరంలో మూడు హల్లులు కలిస్తేనే సంశ్లేషం అవుతుంది, ‘స్త్రీ’లో వలె, ‘లక్ష్మి’లో వలె. తల్లిగారు రాసినదే సరైనది.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
తొందరలో ఉదాహరణ మారింది. వ్యాకరణం నాకు మీరు నేర్పవలసిన అవసరం లేదు. పద్ధతి విషయంలో నేను చెప్పినదానికి మీ దగ్గర సమాధానం లేదు కనుక అక్షరం పట్టుకున్నారు.

మెదక్ బడిపంతులు:
సమాధానం ఉంది. పద పద్ధతి 2020కి ఎంతో ముందు నుంచీ ఉంది, ఆ పిల్లలు వత్తులు చదివారు. 2020లో మారినది వేరు. మేము మాట్లాడేటప్పుడు పిల్లవాడికి మా నోరు కనబడేది కాదు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ విద్యా చానెల్ టీశాట్‌లోను, దూరదర్శన్ యాదగిరిలోను డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. అవి కూడా మూడో తరగతి పైవారికే, ఒకటి, రెండు తరగతులకు అవి కూడా లేవు. టీవీ లేని పిల్లలను పక్క ఇంటికో పంచాయతీ కార్యాలయానికో జతచేసి, ఎవరు చూశారో ఎవరు చూడలేదో రోజూ వివరాలు పంపడం మా పని. టీవీ పాఠం ఎంత బాగున్నా, పిల్లవాడు తప్పు చదివినప్పుడు ఆగి వినదు. తరువాత బడులు తెరిచాక మాస్కులు వచ్చాయి. మాస్కు వెనుక నుంచి ‘ల’కు ‘ళ’కు తేడా చెప్పి చూడండి, తెలుస్తుంది.

పాడేరు మాస్టారు:
మాస్కు, టీవీ దాకా వెళ్ళినవారు అదృష్టవంతులు. నేను అప్పటికి ఇంకా విశాఖ జిల్లాలో ఉన్న పాడేరు ఏజెన్సీలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వస్తున్నాయని పై నుంచి చెప్పేవారు. మా ఊళ్ళో కొండ ఎక్కితేనే సిగ్నలు, వాన పడితే రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. మా పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. తెలుగు వారికి బడిలో నేర్చుకునే భాష, బడిలోనే వినబడే భాష. ఏడాదిన్నర బడి లేకపోతే వారు మరచిపోయింది వత్తులు కాదు, భాషే. మధ్యాహ్న భోజనానికి బదులుగా వచ్చిన బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇవ్వడానికి ఊళ్ళకు నడిచి వెళ్ళినప్పుడు, రెండో తరగతిలో నాకు తెలుగులో కథ చెప్పిన పాప తలుపు చాటు నుంచి నన్ను చూసి, వాళ్ళ అమ్మను కువిలో ‘ఎవరు?’ అని అడిగింది. ఆశ్రమ పాఠశాలల నుంచి ఇళ్ళకు పంపిన పెద్ద పిల్లలలో కొందరు తల్లిదండ్రులతో మిరప కోతలకు వెళ్ళారు. తిరిగి తెరిచినప్పుడు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు మెడలో తాళితో కనబడ్డారు. మీరు ఇక్కడ సంయుక్తమా సంశ్లేషమా అని వాదించుకుంటున్నారు.

గుంటూరు తండ్రి:
మాస్టారూ, మీరు రాసినది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక మాట చెప్పాలి. నష్టం కొండ మీదే కాదు, మైదానంలోనూ బయటపడింది. 2019లో మా రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. రెండేళ్ళు పరీక్షలు లేక, 2022లో పెడితే 67.26 శాతమే వచ్చింది. ఆ ఏడాది తప్పిన పిల్లలలో మా అన్నగారి కొడుకు ఒకడు. అంతకు ముందు రెండేళ్ళ వారు పరీక్ష లేకుండానే ఉత్తీర్ణులై పోయారు.

2020 పదో తరగతి:
ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుందని తెలిసే చదువుతున్నాను. ‘పరీక్ష లేకుండానే’ అని తేలికగా అనకండి. తెలంగాణలో మేము 2020 మార్చి 19న మొదలుపెట్టి మూడు పరీక్షలు రాశాము. హైకోర్టు వాయిదా వేయించింది. జూన్ 8న మిగిలినవి రద్దుచేసి, ఏడాదిలో బడిలోనే వేసే ఫార్మేటివ్ మార్కులతో గ్రేడ్లు ఇస్తామన్నారు. ఆ రెండున్నర నెలలు రేపు పెడతారో ఎల్లుండి పెడతారో తెలియక లెక్కల పుస్తకాన్ని మూసీమూయకుండా చదివాను. మా బడిలో ఫార్మేటివ్ మార్కులు అందరికీ ఇరవైకి ఇరవై వేశారు కనుక నా పది జీపీఏను ఎవరూ నమ్మరు. ఇటీవల ఉద్యోగానికి వెళ్తే మెమో మీద సంవత్సరం చూసి ‘కరోనా బ్యాచా?’ అని నవ్వారు. నేను రాసి ఉంటే ఎన్ని వచ్చేవో నాకూ తెలియదు, దానికి నన్ను నవ్వితే ఎలా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఇరవైకి ఇరవై వేసినది ప్రైవేటు బడులు. మేము ప్రభుత్వ బడిలో వచ్చినవే వేశాము. అందుకే మా పిల్లలకు ఏడు, ఎనిమిది వచ్చాయి. నిజాయతీకి మా పిల్లలు శిక్ష అనుభవించారు.

వంటమ్మ కూతురు:
సిబ్బంది అంటే ఇక్కడ అందరూ పాఠం చెప్పేవారినే లెక్కపెడుతున్నారు కనుక రాస్తున్నాను. మా అమ్మ సిద్దిపేట దగ్గర ఒక ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. అప్పటికి గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు, అది కూడా ఎప్పుడు వస్తుందో తెలియదు. గుడ్లు, పప్పు, నూనె కిరాణా దుకాణంలో అరువు తెచ్చి వండి, బిల్లు వచ్చాక తీర్చేవాళ్ళం. 2020 మార్చిలో బడి ఆగిపోయిన రోజున దుకాణంలో మా పేరు మీద పదకొండు వేల బాకీ ఉంది. బడి మూశారు గాని దుకాణం మూయలేదు. అమ్మ ఆ ఏడాది పత్తి ఏరడానికి పోయి బాకీ తీర్చింది. ఆ బడిని ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే ఆమెను తీసేశారు, తెరిచాక ఆ పని పంచాయతీ చూసుకుంటుందని అన్నారు. కొన్ని నెలలు తరగతి గదులను పిల్లలే ఊడ్చుకున్నారు.

మెదక్ బడిపంతులు:
అది నిజం. మా బడిలో మేమూ ఊడ్చాము.

నాచారం నివాసి:
బిల్లుల సంగతి వేరే చర్చగా పెడితే బాగుంటుంది. ఫీజుల విషయంలో నేను అడిగినదానికి కరస్పాండెంట్ గారు ఇంకా సూటిగా చెప్పలేదు.

వనస్థలిపురం అమ్మ:
ఫీజు మాట నేను ఎత్తి ఉండవలసింది కాదు. టీచరు గారూ, మిమ్మల్ని ఉద్దేశించి రాయలేదు, నొచ్చుకుని ఉంటే మన్నించండి. మా అబ్బాయి పాఠాలప్పుడు వెనుక కూర్చుని “మేడమ్, అది ‘శ’ కాదు ‘ష’” అని చెప్పిన పెద్దమనిషి మా ఇంట్లోనూ ఉన్నారు. మా అబ్బాయి విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు.

మెదక్ బడిపంతులు:
చెబుతాను. వాడికి పదకొండేళ్ళు వచ్చాయి కనుక ఒకటో తరగతి వాచకం ముందు పెట్టకండి, సిగ్గుపడి ఇంకా ముడుచుకుపోతాడు. మా బడిలో మేము చేసినది చాలా చిన్న పని. పిల్లవాడు ఆగిన మాటను మనం అందించకూడదు. ఆ వత్తును వేలితో మూసి, పై అక్షరం వరకు చదివించి, వేలు తీసి మళ్ళీ చదివించాలి. ‘చందుడు’ దగ్గర వేలు తీస్తే ‘చంద్రుడు’ వాడే అంటాడు. రెండోది ఉక్తలేఖనం, అంటే మీరు చెబితే వాడు విని రాయడం, రోజుకు ఐదు మాటలు మాత్రమే, ఆరోది వద్దు. మీరు చెప్పేటప్పుడు వాడు మీ నోటి వైపు చూడాలి. మూడోది, వాడికి పని ఉన్న రాత చదివించండి. మీది వనస్థలిపురం, మీ ఊరి పేరులోనే ‘స్థ’ ఉంది. సాగర్ రోడ్డు మీద పోయే బస్సుల బోర్డులు చదవమనండి, ‘ఇబ్రహీంపట్నం’లో రెండు వత్తులు దొరుకుతాయి. మా పిల్లలకు ఇలా నాలుగు నెలలు పట్టింది, ఇద్దరికి ఏడాది పట్టింది. ఒకడికి కళ్ళద్దాలు అవసరమని ఆలస్యంగా తెలిసింది కనుక ముందు కళ్ళు పరీక్ష చేయించండి.

మాజీ ప్రైవేటు టీచరు:
వేలితో మూసే పద్ధతి ఫోనులో చేయలేకపోయానన్నదే నా బాధ కూడా. అమ్మా, నేను నొచ్చుకోలేదు. ఆ పెద్దమనిషికి నమస్కారాలు చెప్పండి.

వనస్థలిపురం అమ్మ:
పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను. కళ్ళకు అద్దాలు అవసరం లేదన్నారు. ‘చంద్రుడు’ వచ్చింది. ‘ఆశ్చర్యం’లో మొదటి వత్తు వచ్చింది, రెండోది ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం స్టాపులో నిలబడి దూరం నుంచే ‘ఇబ్రహీంపట్నం’ అని గట్టిగా చదివాడు. సంతోషించేలోపు చూస్తే బస్సు ఇంకా మలుపు దగ్గరే ఉంది, నాకే బోర్డు కనబడలేదు. వాడు చదివినది ఊరి పేరు కాదు, బస్సు నంబరు అని తేలింది. రేపటి నుంచి దుకాణాల బోర్డులు మొదలుపెడుతున్నాము, వాటికి నంబర్లు ఉండవు.